ఊరికొక్కడే పళ్ళ డాక్టరు

చిన్న ఊరికి కాపురం మార్చిన మూడో రోజే, కరెంటాఫీసులో వరస తప్పించి ముందుకు దూరిన బట్టతలాయన్ని చెడామడా దులిపేశాను. పెద్ద నగరంలో మనం తిట్టినవాడు మళ్ళీ కనపడడు. ఆ ధైర్యమే ఇక్కడా.

మర్నాడు పన్ను సలిపి దవడ బంతిలా వాచింది. ఊరికంతా పళ్ళ డాక్టరు ఒక్కడే. వెళ్తే అదే బట్టతల!

పట్టకారు నా నోట్లో పెట్టి, "నిన్న నన్నేదో అన్నారు. మళ్ళీ అనండి సార్," అన్నాడు.

"ఆ... ఆ..." అన్నాను.

పక్కనే ఉన్న మా ఆవిడ కిసుక్కున నవ్వింది. "సామాను సర్దేటప్పుడే చెప్పానా, ఆ నోరు అక్కడే వదిలేసి రండని!"

పన్ను ఊడింది. దూది ఉమ్మేసి, "నిన్న తప్పు మాత్రం మీదే!" అన్నాను.

"నాదే. పక్క పన్నూ పుచ్చింది, రేపు రండి," అన్నాడాయన. "వరసలోనే."