ఆర్లీన్ పెట్టని సంతకం

కొత్త రైఫిలు పదకొండోసారి పేలింది. ఖాళీ తూటా డొల్ల దూరంగా ఎగిరిపడాల్సింది పోయి, బద్ధకంగా దొర్లి ఆర్లీన్ బూటు మీద పడింది. పన్నెండోది అసలు బయటికే రాలేదు. అడ్డంగా ఇరుక్కుని, వెనక రావలసిన కొత్త తూటాకు దారి మూసేసింది.

"దీనికీ అదే రోగం," అంది ఆర్లీన్, చెవుల మీది మూతలు తీస్తూ.

"పొద్దుట్నించి ఎన్నయ్యాయేంటి?" అడిగాడు ఆర్విల్. రైఫిళ్ళు బిగించే విభాగంలో అందరికంటే పాతకాపు అతను.

"పదిహేను పేల్చాను. తొమ్మిదింటికి డొల్ల కక్కే దమ్ము లేదు."

వెర్మాంట్‌లో నది ఒడ్డునున్న ఆ చిన్న తుపాకుల ఫ్యాక్టరీలో ఆర్లీన్ బెన్వా ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పని ఒక్కటే, తయారైన ప్రతి రైఫిల్నీ సొరంగంలాంటి పొడుగాటి గదిలో పేల్చి చూడటం. పరీక్ష చీటీ మీద ఆమె సంతకం లేనిదే ఏదీ లారీ ఎక్కదు. ఆమె నిలబడే చోటు చుట్టూ నేల మీద పసుపు రంగుతో పెద్ద గడియారం గీసి ఉంటుంది. మంచి రైఫిలు డొల్లల్ని మూడో అంకె దగ్గర కుప్ప పోస్తుంది. ఈ కొత్త మోడలు మాత్రం ఐదున్నర దగ్గర, అంటే ఆమె మడమల వెనక రాలుస్తోంది.

గోదాములో ఇలాంటివి నాలుగు వందల పదమూడు. వచ్చే గురువారం లారీలొస్తాయి. ఆ తర్వాతి శనివారం జింకల సీజను మొదలు. మొదటి గుండు జింక పక్కటెముకల్లో దిగి, రెండోది పేలకపోతే ఏమవుతుందో ఆర్లీన్‌కు తెలుసు. ఆ మూగజీవం రెండు రోజులు పొదల్లో కొట్టుకుని చస్తుంది. వేటగాడేమో ఇరుక్కున్న డొల్లను చాకుతో పెకలించబోయి వేళ్ళు పోగొట్టుకుంటాడు. అలాంటి రైఫిలు మీద తన పేరుండటం ఆమెకు చచ్చినా ఇష్టం లేదు.

కబురు అందగానే మేనేజరు క్రెయిగ్ దిగాడు. మొన్న వసంతంలో గడ్డి కోసే యంత్రాల కంపెనీ నుంచి వచ్చినవాడు. అప్పుడే అతనికి తుపాకుల గురించి తెలియనిది లేదట.

"ఏమీ అనుకోకండి ఆర్లీన్, తప్పు రైఫిల్ది కాదేమో. వయసు కదా, మీ భుజం వెనక్కి ఊగిపోతోంది. దాంతో లోపల ముందుకీ వెనక్కీ ఆడే బోల్టుకి ఊపు చాలట్లేదు."

ఆర్లీన్ రైఫిల్ని ఇనుప బల్లకు బిగించి, పక్కకు నిలబడి పేల్చింది. డొల్లలు మళ్ళీ ఐదున్నర దగ్గరే రాలాయి.

"ఈ బల్లకెన్నేళ్ళో కనుక్కో బాబూ. దాని భుజమూ ఊగుతున్నట్టుంది."

ఆర్విల్ దగ్గు నటించి నవ్వు మింగాడు. క్రెయిగ్ ఎర్రబడ్డ మొహంతో వెళ్ళి, ఒక తూటాల పెట్టె పట్టుకొచ్చాడు. వాటితో పేల్చిస్తే డొల్లలన్నీ బుద్ధిగా మూడో అంకె దగ్గరే పడ్డాయి.

"తీరిపోయింది! ఇక సంతకాలు కానివ్వండి."

ఆర్లీన్ పెట్టె తిప్పి చూసింది. మందు ఎక్కువ దట్టించిన తూటాలు.

"ఇవి మన పెర్లీ తూటాల కొట్లో దొరకవు. ఊళ్ళో జనం కొనేది మామూలువి. కుంటి గుర్రాన్ని కొండ మీంచి తోసి, ఎంత బాగా పరిగెడుతోందో చూడమంటావేంటయ్యా?"

అతను పోయాక ఆర్లీన్, ఆర్విల్ పనిలో పడ్డారు. తూటాలు పేర్చే మ్యాగజైన్ మార్చి చూశారు. తూటా కూర్చునే గది తుడిచారు, నూనె పట్టించారు. ఏమీ మారలేదు. డొల్లల అంచులు చిరగలేదు కాబట్టి వాటిని పట్టి లాగే కొక్కెం బాగానే ఉన్నట్టు. మిగిలింది బయటికి నెట్టే పిన్ను. ఆర్లీన్ బోల్టు ఊడదీసి, ఖాళీ డొల్లతో ఆ పిన్నును లోపలికి నొక్కి వదిలింది. టక్కున పైకి తన్నాల్సింది, నిద్ర మొహంతో మెల్లగా లేచింది.

"దొరికావురా దొంగా," అంది.

పిన్ను పీకి రంధ్రాన్ని బల్ల మీద తడితే, నల్లటి జిడ్డులో ఇనుప రజను రాలింది. డ్రిల్లు వేసినవాళ్ళు కడగకుండానే స్ప్రింగు బిగించేశారు. కిరోసిన్‌తో, సన్నటి బ్రష్షుతో తోమి మళ్ళీ బిగించాక ఇరవై మామూలు తూటాలు పేల్చింది. ఇరవై డొల్లలూ మూడో అంకె దగ్గర మోగాయి. సంతోషించాల్సింది పోయి ఆమెకు ఒళ్ళు మండింది. ఈ కాస్త కడగడానికి బద్ధకమా!

క్రెయిగ్ విని వాచీ చూసుకున్నాడు. "ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఇంకా నాలుగు వందల పన్నెండు! కుదరదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అప్పుడు చూసుకుందాం. సంతకం పెట్టండి."

"ఆరుగురం కూర్చుంటే మూడు రోజుల పని."

"లైను ఆపలేను. పెట్టండి."

"పెట్టను."

"ఇంకొకరి చేత పెట్టిస్తాను."

"ఇంకొకరెందుకు? ఇదిగో పెన్ను. నీ పేరు నువ్వే రాయి."

అతను పెన్ను వంక చూశాడు గాని ముట్టుకోలేదు. "సోమవారం లోపు మనసు మార్చుకోకపోతే, మంగళవారం నుంచి మీరు రానక్కర్లేదు," అనేసి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం, ఆదివారం ఆర్లీన్‌కు భయం వేసింది. యాభై ఎనిమిదేళ్ళ ఆడదాన్ని పనిలో పెట్టుకునేదెవరు? సంతకం పెట్టడమెంతసేపు, అనుకుంది కూడా. సోమవారం మాత్రం ఎప్పటిలాగే ఏడింటికి వచ్చి, చీటీల కట్ట ముందేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళాక, క్రెయిగ్ చంకలో పొడుగాటి సంచీతో వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"మంగళవారం సంగతి చెప్పడానికొచ్చావా?"

"కాదు... చిన్న సాయం." సంచీలోంచి కొత్త రైఫిలు తీశాడు. "ఇది నేను ముందే విడిగా తీసుకున్నాను. మా నాన్నకి. డెబ్బై ఆరేళ్ళు. సీజను మొదటి రోజు అడవికి తీసుకెళ్తానని మాటిచ్చాను. నిన్న పేల్చి చూస్తే ఇరుక్కుంటోంది. ఇదొక్కటీ కాస్త... ఎవరికీ తెలియకుండా."

ఆర్లీన్ రైఫిలు అందుకుంది. తర్వాత బోల్టు ఊడదీసి పిన్ను నొక్కింది. అదీ మెల్లగానే లేచింది.

"మీ నాన్న పేరేంటి?"

"వారెన్."

"వారెన్ గారి రైఫిలు బాగుచేస్తాను. నా చేత్తో చేసి, నా సంతకమే పెడతాను. కానీ వరసలో." ఆమె గోదాము వైపు చెయ్యి చూపింది. "ఆయన కంటే ముందు అక్కడ నాలుగు వందల పన్నెండు మంది నాన్నలున్నారు."

ఆర్లీన్ ఆ రైఫిల్ని వరస చివర నిలబెట్టి వచ్చి, కిరోసిన్ డబ్బా, సన్నటి బ్రష్షు క్రెయిగ్ ముందు పెట్టింది.