అనుమతి ముగ్గురికే

మా నాన్న బతుకంతా బస్సు కండక్టరు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు, నలుగురు కూర్చున్న చోటల్లా తలలు లెక్కపెడతాడు. మా ఆయన ఆటపట్టిస్తే నవ్వేవాడే తప్ప మానేవాడు కాదు.

అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ లైసెన్సు ఉండాలనీ, ఇల్లు బాగుందో లేదో చూశాకే ఇస్తామనీ, అందులో ఎంతమంది ఉండొచ్చో రాస్తామనీ మునిసిపాలిటీ కొత్త రూలు తెచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాన్న మంచం మీదికి కప్పు కారుతోందని ఓనరు కాళ్ళావేళ్ళా పడ్డా ఆయన చెవిన పెట్టలేదు. ఇక ఎలా బాగుచేయించడో చూద్దామనుకున్నాను.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చిన్న వయసే, మర్యాద తెలిసిన పిల్ల. కప్పు చూసి వెంటనే బాగుచేయించమని ఓనరుకి గట్టిగా చెప్పింది. నేను లోపల టీ పెడుతుంటే, వరండాలో ఉన్న నాన్నని ఇంట్లో ఎంతమందని అడిగింది.

"ముగ్గురమ్మా," అన్నాడు నాన్న. నన్నూ, మా ఆయన్నీ, మా పాపనీ లెక్కేశాడు. కండక్టరు బస్సులో తనని తాను లెక్కపెట్టుకోడు కదా. చూపించిన చోట సంతకం కూడా పెట్టాడు.

కప్పు బాగుపడింది. వెనకే లైసెన్సు వచ్చింది, ముగ్గురికే. నాలుగో మనిషి కనబడితే తన లైసెన్సు ఊడుతుందని, నాన్నని ఎక్కడికైనా పంపమని ఓనరు అన్నాడు. కక్షతో అనలేదు, నిజంగానే భయపడుతున్నాడు. తిట్టుకోడానికి కూడా మనిషి లేకుండా పోయాడు నాకు.

నాన్నని వెంటబెట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాను. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీలేసి కూర్చోబెట్టింది. రూలుకి ముందునుంచీ ఉన్నవాళ్ళయితే ఎంతమందినైనా ఉండనిస్తారట. కొత్తగా ఒకర్ని చేర్చాలంటే మాత్రం మా గదులు చాలవట. ఈయన ముందునుంచీ ఉన్నాడని మొత్తుకున్నాను.

"నమ్ముతానక్కా. కానీ ముగ్గురేనని చెప్పింది ఆయనే. ఇప్పుడు నేనేం చెయ్యను?"

మా వెనక వీధిలోని వృద్ధాశ్రమానికి తనే ఫోన్ చేసి ఒక మంచం కూడా అడిగిపెట్టింది. ఇంత మంచిగా మాట్లాడే మనిషి మీద ఎలా అరవను? ఏడుపు ఆగలేదు.

నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు. చివరికి, "పగలు వచ్చి వెళ్ళొచ్చా అమ్మా?" అని అడిగాడు.

పగలు వస్తే చుట్టం కింద లెక్క, అభ్యంతరం లేదంది.

నాన్న మొహం విప్పారింది. నా చెయ్యి తట్టి, "విన్నావా, పగలు రావచ్చట," అన్నాడు.