మూతలు మారాయి

కొత్తమ్మాయి మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూసింది.

పీహెచ్‌డీ అయి మొన్ననే చేరింది కాబట్టి ల్యాబులో ఆమె పేరు అదే అయిపోయింది. రెండు గిన్నెల్లో చర్మకణాలు పెంచి, మధ్యలో సన్నగా గీత గీసింది. ఉత్తుత్తి గాయం అన్నమాట. ఒకదాంట్లో తన మందు వేసింది, రెండోదాంట్లో వెయ్యలేదు. మందున్న గిన్నెలో గీత ముందు పూడితే సొంత పని సాగుతుంది. లేదంటే నోరు మూసుకుని పక్క టీములో చేరమని ల్యాబు పెద్దసారు ముందే తేల్చేశాడు.

ఈ మందు పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. షుగరు మనిషి. కాలి పుండు ఎంతకీ మానక అమ్మ ఒంటికాలితో మిషను తొక్కుతుంటే, పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించిన పిల్ల ఇది. అలాంటి పుళ్ళు మాన్పే మందు తెస్తానని అప్పుడే అనుకుంది.

ఇప్పుడేమో మందున్న గిన్నెలో గీత నోరు తెరుచుకునే ఉంది. మందు లేనిది శుభ్రంగా పూడింది!

"అక్కా, నా కొంప మునిగింది."

పక్క బల్ల సీనియరు వచ్చి గిన్నెలు వెలుగుకు పట్టింది. "నీ మందు పసుపు కదే? మరి 'మందు లేదు' అన్నది పసుపు తిరిగిందేంటి? పేర్లు ఎక్కడ రాశావ్?"

"మూతల మీద. మా అమ్మ వంటింటి డబ్బాలకి అలాగే రాస్తుంది."

"నా తల్లే! మూతలు మార్చి పెట్టేశావ్. అప్పుడే ఎగరకు. రంగు చూపిస్తే సారు నమ్మడు. మళ్ళీ చెయ్, ఈసారి గిన్నెకే రాయి."

పెద్దసారు గొణుక్కుంటూనే ఇంకొక్కసారి ఒప్పుకున్నాడు. అది తేలేదాకా ఆమెకు ముద్ద దిగలేదు. చివరికి ఆయనే మైక్రోస్కోపు మీదకి వంగాడు.

"గీత ఏదమ్మా?"

"పూడిపోయింది సార్."

ఆయన గిన్నె పైకెత్తి అడుగున 'మందు' అని రాసింది చదువుకున్నాడు. "ఊఁ. అయితే నీ పని నువ్వే చేసుకో."

వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుంది. అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"నయమే! మొన్న నేనూ మూతలు మార్చి మీ నాన్న టీలో ఉప్పేశా. పాపం, కిక్కురుమనకుండా తాగేశాడు."

"నువ్వు చూస్కోలేదా?"

"నా టీలో చక్కెరెక్కడిదే!"

కొత్తమ్మాయికి నవ్వుతో పాటు, ఇన్నాళ్ళకి ఆకలి కూడా వేసింది.