బొట్టు పెట్టిన లైట్లు

మహానది పొంగి, ఆరంగ్ దాటాక లారీలన్నీ రోడ్డు మీదే నిలిచిపోయిన ఏడు జరిగిందిది. ఆ ఏడు రాయపూర్లో వాన వదల్లేదు. భన్‌పురిలో మా షెడ్డు గోడలకి కూడా చెమట పట్టింది.

ఆ వానల్లోనే మా నాగబాబుకి కొత్త బేరం తగిలింది. ధర్సీవా దగ్గర ఆడవాళ్ల సంఘం ఒకటి పుట్టగొడుగులు పెంచుతుంది. ఆ గదుల్లో గోడలకీ నేలకీ నీళ్లు కొడుతూనే ఉండాలి. తడి ఆరితే పుట్టగొడుగు లేవదు. ఆ తడికి బజారు లైట్లు నిలవడం లేదని, తడికి ఆగే ఎల్ఈడీ లైట్లు చేసివ్వమని వాళ్లు వచ్చి అడిగారు.

నాగబాబుది మా శ్రీకాకుళం వైపే. అతని ఫ్యాక్టరీ చిన్నది. నేను అందులో పెట్టెలు కడతాను, సామాను ఎత్తుతాను. మాటలతో అవసరం లేని పని. నాకు సరిపోయింది.

లైటు ఎలా ఉండాలో ఆలోచించింది సుప్రియ. భిలాయి నుంచి వచ్చే ఇంజనీరు అమ్మాయి. మొదట ఎక్కడా సందు లేకుండా మూసి చేసింది. తొట్టిలో ముంచితే చుక్క దిగలేదు. టీ కాచే పొయ్యి పైన వేలాడదీసి, వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే మాత్రం లోపల మంచు పట్టినట్టు తేమ చేరింది. ఆ అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి, మా అందరినీ పిలిచి చెప్పింది.

"వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి బయటికి పోతుంది. ఆర్పితే చల్లబడి గాలిని లోపలికి పీలుస్తుంది. మనం దారి ఇవ్వకపోతే వైరు పక్క నుంచో, రబ్బరు అంచు నుంచో తడితో సహా లాక్కుంటుంది. అందుకని దీనికి ముక్కు పెడుతున్నాను."

ముక్కంటే లైటు వెనక చిన్న తెల్ల బిళ్ల. దానిలోంచి గాలి పోతుంది, నీళ్లు పోవు. "దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. నూనె చెయ్యి అసలే వద్దు. మూసుకుపోతుంది" అని మరీ మరీ చెప్పింది.

రబ్బరు కూర్చి చుట్టూ గమ్ రాసే పని శాంతమ్మది. బాపట్ల వైపు మనిషి. ఆ పని మీదే ఆమె ఇల్లు గడుస్తుంది. తలెత్తకుండా చేసుకుపోతుంది.

విశ్వకర్మ పూజ వచ్చింది. సుప్రియ సెలవు పెట్టి ఇంటికి పోయింది. నాగబాబు తల్లి ఆండాళమ్మ పూజకి వచ్చింది. ప్రతి ఏడూ వచ్చి ప్రతి మిషనుకీ, తయారైన సరుకుకీ తన చేత్తో బొట్టు పెడుతుంది. ఎండినా రాలకూడదని పసుపుని నువ్వులనూనెతో కలిపి తెస్తుంది. దాని మధ్యలో కుంకుమ అద్దుతుంది. ఆ ఏడు బల్ల మీద పుట్టగొడుగుల లైట్లు వరసగా బోర్లించి ఉన్నాయి. వీపున తెల్ల బిళ్లలు పైకి కనబడుతున్నాయి.

"ఓరి నాగా! బొట్టుకి జాగా కూడా ఒగ్గీసినార్రా!" అని ఆవిడ సంబరపడిపోయింది. గిన్నెలో వేలు ముంచింది.

శాంతమ్మ లేచి నిలబడింది. "అమ్మగారూ, ఆ తెల్లదాని మీద వద్దండి. పక్కన పెట్టండి."

ఆండాళమ్మ వేలు గాల్లో ఆగింది. "ఏటే? నువ్వు బొట్టు పెట్టుకోవని నా లైట్లకీ వద్దంటన్నావేటి? నీ నుదుటికి రాయనులే, బయపడకు."

అందరూ నవ్వారు. నాగబాబు ఇంకా గట్టిగా నవ్వాడు. "శాంతమ్మా, ఆదివారం మీ చర్చికొచ్చి నేనేమైనా వద్దన్నానా? పూజలో గడ్‌బడ్ చెయ్యకు. ప్రసాదం తీసుకుంటే తీసుకో, లేదంటే కూచో."

"అది కాదండీ, సుప్రియమ్మ చెప్పి..."

ఎవరో గంట కొట్టారు. శాంతమ్మ మొహం ఎర్రబడింది. కూచుంది. ఆండాళమ్మ ఒక్క లైటు కూడా వదలకుండా బొట్టు పెట్టింది. నేను శాంతమ్మ పక్కనే అట్టపెట్టెలు పట్టుకుని ఉన్నాను. అంతా విన్నాను.

మర్నాడు ఆ లైట్లు బొట్లతోనే ధర్సీవా వెళ్లాయి. దసరా వెళ్లిన తరవాత సంఘం ఆడవాళ్లు ఆటోలో వాటిని వెనక్కి పట్టుకొచ్చారు. సంఘం పెద్దావిడ ఒక లైటు ఎత్తి నాగబాబు మొహం ముందు ఊపింది. లోపల నీళ్లు గలగలమన్నాయి.

"యే కా బత్తీ ఆయ్?" అంది. ఇదేం లైటని. "మేం బత్తీ అడిగితే నువ్వు లోటా ఇచ్చావా, సేఠ్?"

ఆమె వెనక ఒక పిల్ల చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. తడి చేత్తో లైటు ముట్టుకుంటే జివ్వుమని లాగి గోడకి కొట్టిందట. గదులు చీకటైపోయాయట. "ఎవరు చేశారో చెప్పు. లేకపోతే ఊరంతా చెప్తాం" అంది పెద్దావిడ.

సుప్రియ ఒక లైటు విప్పింది. గమ్ ఎక్కడా ఊడలేదు, చక్కగా పట్టుకుని ఉంది. తెల్ల బిళ్లని గోటితో గీకింది. గోరు పచ్చబడింది. నాగబాబు గదిలోకి వెళ్లింది. ఆ గది గోడ పలకల గోడ. ఇవతల నేను పెట్టెలు సర్దుతున్నాను.

"సార్, నూనె పసుపుతో ముక్కు మూసుకుపోయింది. అందుకే లైట్లు నీళ్లు లాక్కున్నాయి. కొత్త బిళ్లలు వేసిద్దాం. జరిగింది వాళ్లకి చెప్పేద్దాం."

"ఏమని చెప్పమంటారు మేడం? మా అమ్మ బొట్టు పెట్టింది, మీ పిల్లకి షాకు కొట్టింది అని చెప్పమంటారా?"

"ఆవిడకి తెలీదు కదా సార్. తెలీక పెట్టారు."

"మా అమ్మ పేరు ఈ గుమ్మం దాటదు. మీరు కూడా దాటించకండి."

బయటికొచ్చి, అంతమంది ముందు శాంతమ్మ వైపు చెయ్యి చూపించాడు. "ఈవిడే. గమ్ సరిగా రాయలేదు. తీసేశాను. ఇక మీ లైట్లు నా బాధ్యత."

ఆ షాకు తిన్న పిల్ల శాంతమ్మని చూసిన చూపు నాకింకా గుర్తుంది.

శాంతమ్మ ఒక్క మాట అడిగింది. "బాబుగారూ, నా గమ్ ఎక్కడ ఊడిందో చూపించండి."

ఆయన చూపించలేదు. సుప్రియ "సార్" అంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. సంఘం వాళ్లు వెళ్లిపోయారు.

గేటు దగ్గర శాంతమ్మని ఆపాను. "బొట్టు సంగతి నువ్వెందుకు సెప్పనేదమ్మా?"

"చెప్తే ఏమవుద్ది బాబాయిగారూ? పూజ మీద నేరం మోపిందంటారు. ఒకసారి అనిపించుకున్నాను, చాలు. ఇప్పుడు భన్‌పురిలో ఏ గేటుకెళ్లినా షాకు కొట్టించిన మనిషంటారు. అదీ అనిపించుకుంటాను." చెంగుతో కళ్లు కాదు, చేతికంటిన గమ్ తుడుచుకుంది. వెళ్లిపోయింది.

లైటుకి కూడా ఊపిరాడాలని ముక్కు పెట్టారు. మనిషి నోరు మాత్రం గంట కొట్టి మూశారు. వద్దన్న మనిషినే దోషిని చేశారు. నూనె వేలు పెట్టిన వాళ్లింట్లో ఆ సాయంత్రం కూడా దీపం పెట్టుకునే ఉంటారు.

నాగబాబు గదిలోకి వెళ్లాను. పిలవకుండా వెళ్లడం అదే మొదలు.

"ఏం తాతా, నీకు మాటలొచ్చాయా?" అని నవ్వాడు.

"శాంతమ్మ వద్దంది బాబూ. నేనిన్నాను. నువ్వూ ఇన్నావు."

"ఇంజనీరువా నువ్వు? మూడో క్లాసు ఇంజనీరు! పో, పెట్టెలు కట్టుకో."

"ఇంజనీరమ్మ కూడా అదే సెప్పింది కదా."

నవ్వు పోయింది. "మా అమ్మని నలుగుర్లో పెట్టమంటావా?"

"శాంతమ్మని పెట్టీసినావు కదా."

"ఆవిడ మా అమ్మా?"

బయటికొచ్చి, విప్పకుండా మిగిలిన లైటొకటి తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే ఫ్యాక్టరీకి పోలేదు. నాగబాబు ఇంటికి పోయాను. ఆండాళమ్మ వాకిట్లో ముగ్గు ముగించి నడుం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏట్రా దానయ్యా, ఇంత పొద్దున్నే?"

తువ్వాలు విప్పాను. లైటు వెనక ఆవిడ పెట్టిన బొట్టు చెక్కు చెదరలేదు. ఆవిడ ఇంకా చూస్తుండగానే వైరు దగ్గరి మర మూత తిప్పి ఊడదీసి, లోపలి నీళ్లు ముగ్గు మీద పోశాను.

"ఓరి నీ దుంప తెగ! ముగ్గు మీద పోస్తావేట్రా!"

"ఇయి మీ బొట్టు నీళ్లమ్మా. ఆ తెల్లది దీని ముక్కు. నూనె రాస్తే మూసుకుపోద్ది. శాంతమ్మ అందుకే వద్దంది. మీరింకోలా అనుకున్నారు. ఒక పిల్లకి షాకు కొట్టింది. మీ పేరు రాకూడదని నాగబాబు శాంతమ్మని తీసీసినాడు."

నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఆడలేదు. ఆవిడ లైటు తీసుకుంది. బొట్టు మీద బొటనవేలితో రుద్దింది. పసుపు కదిలింది కానీ పోలేదు.

"అప్పుడే ఇడమరిసి సెప్పొచ్చు కదా ఆ పిల్ల" అంది మెల్లగా.

"సెప్పింది. మీరు నవ్వినారు."

ఆవిడ తల తిప్పుకుంది. "సరే. నాగా లెగిసేక మాటాడతాను" అంది.

"కాదమ్మా. ఈపాటికి శాంతమ్మ పని కోసం గేట్లెంట తిరగడానికి బయల్దేరుద్ది. ముందు ఆవిడితో మాటాడండి. అక్కణ్ణించి ధర్సీవా. ఆ షాకు కొట్టిన పిల్లకి కూడా మీరే సెప్పండి."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా నేను కదలకూడదనుకున్నాను. లోపల కొడుకు నిద్రపోతున్న గది వైపు ఒకసారి చూసి, చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"దారి సూపించు."

నేను ముందు నడిచాను. లైటు ఆవిడ చేతిలోనే ఉంది. బురదలో ఆవిడకి నడవడం కష్టమైంది, చూశాను. లైటు నేను పట్టుకుంటానని మాత్రం అన్లేదు.