మెడనొప్పికి సాక్ష్యం

నా కోడలు నాటకమాడుతోందని మొదట అన్నది ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు కాదు, నేను. ఆ మాట ఎక్కడా రాసి లేదు కాబట్టి కోర్టులో ఎవరూ చదవలేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలంటే నా మాటనించే మొదలుపెట్టాలి.

ఆమె టైలరు. పెద్ద బట్టలషాపు వెనకగదిలో ఆల్టరేషన్లు చేసేది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, కోటు భుజాలు విప్పి మళ్ళీ కుట్టడం, ఒళ్ళొచ్చినవాళ్ళకి కుట్లు వదలడం, తగ్గినవాళ్ళకి పట్టడం. పద్దెనిమిదేళ్ళు ఆ గదిలో తల వంచుకుని కూర్చుంది. బజార్లో అందరికీ టైలరక్క. నా కొడుకు లిఫ్టులు రిపేరు చేస్తాడు. వాళ్ళ దగ్గరే నేనుంటాను.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి సిటీబస్సులో వెనకసీట్లో కూర్చుని పనికెళ్తోంది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. వెనకాలే వస్తున్న సామాన్ల కంపెనీ లారీ ఆగలేదు. డ్రైవరు ఫోను చూసుకుంటున్నాడని తర్వాత తేలింది. కోడలి తల ఒక్క ఊపున ముందుకెళ్ళి వెనక్కొచ్చి సీటు కమ్మీకి కొట్టుకుంది. ముందుసీట్లో ముసలాయనకి పెదవి చిట్లి రక్తం కారుతుంటే అందరూ ఆయన చుట్టూ చేరారు. ఈవిడ కూడా లేచి సంచీలోంచి శుభ్రమైన గుడ్డముక్క తీసి ఆయనకిచ్చింది.

పోలీసాయన వచ్చి ఒక్కొక్కర్నీ అడిగి రాసుకున్నాడు.

"మీకేమైనా దెబ్బ తగిలిందా అమ్మా?"

"నాకేం కాలేదండీ."

సంతకం పెట్టమంటే పెట్టింది. మిగతా దూరం నడిచి పనికెళ్ళింది. పదకొండింటికి ఎవరికో కోటు ఇవ్వాలట.

మర్నాడు మంచం మీంచి లేవలేకపోయింది. మెడ కొయ్యబారిపోయింది. రెండు చేతులతో తలని పట్టుకుని, ఎవరిదో వస్తువు ఎత్తినట్టు ఎత్తుకుంటే గానీ కూర్చోలేకపోయింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. మెడకి పట్టీ, మాత్రలు, ఆరువారాలు విశ్రాంతి.

నేను ముప్పై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో చేశాను. దెబ్బంటే నా లెక్కలో దుప్పటి మీద మరక. మరక ఎంతుందో చూసి మనిషికి ఏపాటి దెబ్బ తగిలిందో చెప్పేదాన్ని. ఈవిడ దుప్పటి తెల్లగా ఉంది. మూడోవారానికి నాకు ఓపిక నశించింది. వంట నాది, గిన్నెలు నావి, ఈ వయసులో బకెట్లు మొయ్యడం నాది. "ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఇంకెక్కడుందిరా నొప్పి? హాయిగా పడుకోడం అలవాటైంది. అంతా నాటకం" అన్నాను కొడుకుతో. గోడ అవతల ఆమెకి వినపడాలనే అన్నాను. వినపడింది. ఆ మధ్యాహ్నం లేచి గిన్నెలన్నీ తోమింది. రాత్రి అన్నం కలుపుకోలేకపోయింది.

ఇంకో పదిరోజులు పోయాక ఒకనాడు నేను బయటికెళ్ళి, కళ్ళజోడు మర్చిపోయి తిరిగొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరనుకుని కోడలు మిషను ముందు కూర్చుంది. ఏదో లంగా అంచు మడుస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పట్టుమని పదినిమిషాలు కాలేదు, కుడిచేతి వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. కత్తెర కిందపడింది. నడుం వంచకుండా, గోడ పట్టుకుని, రెండు మోకాళ్ళ మీదా దిగి కత్తెర తీసుకుంది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డాక కత్తెరని తియ్యలేదు. దానివైపే చూస్తూ కూర్చుంది.

నాటకమంటే చూసేవాళ్ళుండాలి. ఆ గదిలో ఎవరూ లేరు.

నేను వెళ్ళి కత్తెర తీసి ఆమె చేతికిచ్చాను. "తప్పుగా మాట్లాడానమ్మా" అన్నాను.

"తెలుసత్తయ్యా" అంది. సరేలెండి అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

నాకు కోపం పట్టుకున్నది ఆ రోజే. ముందు నామీద. తర్వాత పంచడానికి బోలెడంతమంది దొరికారు.

పెద్ద స్కానింగ్ తీయిస్తే మెడలో రెండుచోట్ల, నడుంలో ఒకచోట ఎముకల మధ్య మెత్తలు పక్కకి జరిగి నరాన్ని నొక్కుతున్నాయని తేలింది. షాపు యజమాని రెండునెలలు ఆగి, ఆమె కుర్చీలో ఇంకొకామెని కూర్చోబెట్టాడు. "నువ్వు బాగయ్యాక చూద్దాం అక్కా" అన్నాడు. నా కొడుకు లాయరుని వెతికి పట్టుకుని, లారీకి ఇన్సూరెన్స్ కట్టించుకున్న కంపెనీ మీద కేసు వేయించాడు.

కేసు వేసిన నెలకి ఆ కంపెనీనించి ఒకాయన మా ఇంటికొచ్చాడు. నున్నగా దువ్విన తల, చేతిలో యాపిల్ పళ్ళు. "పరామర్శకి వచ్చానమ్మా" అన్నాడు. కోడలు ఆయనకి కుర్చీ జరిపింది. లోపలికెళ్ళి నన్ను లేవనివ్వకుండా తనే రెండుగ్లాసుల నీళ్ళు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఆయన తాగి, చల్లగా ఉన్నాయని మెచ్చుకుని, నా మనవరాలు ఏం చదువుతోందో అడిగి, వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాం.

లాయరు తర్వాత ఆయన రిపోర్టు చదివి వినిపించాడు. అందులో ఇలా ఉంది: 'బాధితురాలు ఎవరి సాయం లేకుండా కుర్చీ జరిపినది. నీళ్ళగ్లాసులు గల పళ్ళెం రెండుచేతులతో మోసుకుని వచ్చినది. ముఖంలో బాధ కనిపించలేదు.'

ముఖంలో బాధ కనిపించలేదట. ఇంటికొచ్చినవాడికి మూలుగుతూ నీళ్ళిస్తారా ఎవరైనా? ఆ యాపిల్ పళ్ళు ఇంకా రెండు మిగిలున్నాయి. తీసుకెళ్ళి చెత్తకుండీలో పారేశాను. పళ్ళేం పాపం చేశాయని మావాడు అడిగితే వాడితో కూడా రోజంతా మాట్లాడలేదు.

తర్వాత కంపెనీ డాక్టరు పరీక్ష. నేనూ వెంట వెళ్ళాను. రెండుగంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. వీపు ఆనించుకోడానికి కూడా వీల్లేని బల్ల. మెడ నొప్పివాళ్ళు వచ్చే చోట అలాంటి బల్ల ఎవరు వేశారో గానీ వాళ్ళని ఒక్కపూట దానిమీద కూర్చోబెట్టాలి. లోపల డాక్టరు స్కానింగ్ కాయితం వెలుతురులో పెట్టి చూశాడు. ఆమె వైపు చూడలేదు.

"వయసెంత?"

"నలభై మూడు."

"ఈ అరుగుదల ఈ వయసులో అందరికీ ఉంటుంది. నాకూ ఉంది."

"మీక్కూడా వేళ్ళు విచ్చుకుపోతాయా డాక్టరుగారూ?" అని అడిగింది కోడలు.

ఆయన పెన్ను ఆపి మొదటిసారి తలెత్తాడు. ఆమె మెడ మీద చెయ్యి వెయ్యలేదు, తల తిప్పమనలేదు. నాలుగు నిమిషాల్లో మేం బయటున్నాం. 'వయసు వలన' అని రాసి పంపాడు. నలభై మూడేళ్ళూ లేని వయసు ఆ సిగ్నల్ దగ్గరే ఒక్కసారిగా వచ్చి మీదపడిందన్నమాట.

విచారణకి ముందురోజు మా లాయరు ఇంటికొచ్చాడు. మంచివాడే, కానీ తొందరెక్కువ.

"రేపు మెడపట్టీ పెట్టుకుని రండమ్మా. కొంచెం వంగి నడవండి. కళ్ళనీళ్ళొస్తే ఆపుకోకండి."

"పట్టీ తీసెయ్యమని డాక్టరు చెప్పి ఏడాదైందండీ. ఎక్కువ రోజులు పెట్టుకుంటే మెడ ఇంకా బలహీనమవుతుందన్నారు."

"ఒక్కపూటే కదమ్మా."

కోడలు మెల్లిగా అంది: "వాళ్ళు నాటకమంటున్నారు. మీరు నాటకమాడమంటున్నారు. నొప్పి నాది కదండీ, దాని గురించి నన్నెవరూ ఒక్కమాట అడగరేం?"

లాయరు ఫైలు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె పట్టీ లేకుండానే వెళ్ళింది. మామూలుగా, తలెత్తుకుని నడిచింది. తల వంచితే నొప్పి కాబట్టి ఆమెకి తలెత్తుకోవడమే సుఖం. చూసేవాళ్ళకి అది పొగరులా ఉంటుంది.

కంపెనీ లాయరు చిన్నవాడు, గొంతు మాత్రం పెద్దది.

"ప్రమాదం జరిగిన రోజు పోలీసులకి మీరేం చెప్పారు?"

"నాకేం కాలేదని చెప్పాను."

"మరి అది అబద్ధమా? ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

"అప్పటికి నాకు తెలిసింది చెప్పాను. ఇప్పుడు తెలిసింది ఇప్పుడు చెప్తున్నాను."

"మా ప్రతినిధికి నీళ్ళు తెచ్చిచ్చారు కదా?"

"ఇచ్చాను. రెండు గ్లాసులు మొయ్యలేనని నేనెప్పుడూ అనలేదు."

"అయితే పని చెయ్యగలరు."

"పదినిమిషాలు చెయ్యగలను. తర్వాత వేళ్ళు పట్టు తప్పుతాయి. ఇంకొకరి కోటు మీద కత్తెర పట్టు తప్పితే ఏమవుతుందో మీరే చెప్పండి."

జడ్జిగారు రాసుకుంటున్నారు. మా లాయరు ముఖం విప్పారింది. అప్పుడా కుర్రలాయరు గొంతు తగ్గించి, ఆప్యాయంగా అడిగాడు.

"నొప్పి రోజూ ఒకేలా ఉంటుందా అమ్మా? ఎప్పుడూ బాగుండదా?"

మా లాయరు కూర్చున్నచోటే తల అడ్డంగా ఊపాడు. ఆమె చూసింది. నేనూ చూశాను.

"బాగుంటుంది. నెలలో నాలుగైదు రోజులు నొప్పన్న సంగతే గుర్తుండదు. ఆ రోజుల్లో ఇల్లు దులుపుతాను, బట్టలుతుకుతాను. మర్నాడు మంచం మీదుంటాను."

"నాలుగైదు రోజులు అసలు నొప్పే ఉండదు. అంతే కదా? ఇంకేం అడగను" అని ఆయన కూర్చున్నాడు. మర్నాటి సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది.

మూడునెలలకి తీర్పొచ్చింది. మందుల ఖర్చు ఇవ్వమన్నారు. పని పోయిన సంగతి లెక్కలోకి తీసుకోలేదు. 'గాయము స్వల్పము. నొప్పి భరించదగినది. బాధితురాలు తానే ఒప్పుకొన్నట్లు కొన్ని దినములు పూర్తి ఆరోగ్యముతో ఉన్నది' అని ఉంది.

లాయరు ఆఫీసులో ఆ కాయితం చదివి కోడలు దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఆ నాలుగైదు రోజుల మాట అనకుండా ఉండాల్సిందమ్మా. నేను సైగ చేశాను కూడా" అన్నాడు లాయరు.

"భరించదగినదని ఎవరు భరించి చెప్పారండీ?" అంది ఆమె. గొంతు లేచింది. నేను ఆమెతో ఇరవై ఏళ్ళనించీ ఉన్నాను, ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. "నిజం చెప్పినందుకు నా మెడకి రేటు తగ్గించారు. అబద్ధం చెప్పుంటే బాగా చెప్పిందని మీరు మెచ్చుకునేవారు. నా ఫైలు ఇవ్వండి."

"ఆవేశపడకండమ్మా."

నేను లేచాను. "ఆవేశమే పడుతుంది బాబూ. రెండేళ్ళనించీ నెమ్మదిగానే ఉంది, ఏం ఒరిగింది? ఫైలివ్వు" అన్నాను.

ఇచ్చాడు.

అప్పీలుకి ఇంకో లాయరమ్మని చూసుకున్నాం. ఆవిడ మొదటిరోజు మమ్మల్ని కూర్చోబెట్టి, కాయితాలు పక్కకి నెట్టి, "మీ పనేంటో చెప్పండి. పొద్దున్నించీ సాయంత్రందాకా ఏ చెయ్యి ఏం చేస్తుందో చెప్పండి" అంది. కోడలు గంటసేపు చెప్పింది. కోటు భుజం విప్పడానికి తల ఎంత వంచాలో, సన్నటి కుట్టు కనపడాలంటే కళ్ళు గుడ్డకి ఎంత దగ్గరగా ఉండాలో, పొడుగు గౌను ఒళ్ళో వేసుకుంటే నడుం మీద ఎంత బరువు పడుతుందో. లాయరమ్మ అదంతా రాసి, ఆస్పత్రి డాక్టరుని సాక్ష్యానికి పిలిపించింది. ఈయన కోడలి మెడ పట్టి చూసిన డాక్టరు. ఈ నొప్పి వచ్చిపోతూ ఉంటుందని, అలా ఉండటమే దాని లక్షణమని చెప్పాడు.

ఏడాది దాటాక తీర్పు మారింది. పని పోయిన నష్టం కూడా ఇమ్మన్నారు. అడిగినంతా రాలేదు. ఆమె పాత పని ఎప్పటికీ చెయ్యలేదని మాత్రం తీర్పులో స్పష్టంగా రాశారు. ఆ వాక్యం చదివి మావాడు సంతోషించాడు, కేసు గెలిచాం కదా అని. కోడలు లోపలికెళ్ళి తలుపేసుకుంది. పద్దెనిమిదేళ్ళ పని చెయ్యలేవని అచ్చులో రాసిస్తే ఏ మనిషి సంబరపడుతుంది? మావాడికి ఆ మాట గట్టిగానే చెప్పాను.

చెక్కు తీసుకుని కంపెనీ మనిషి వచ్చాడు. అప్పుడు నీళ్ళు తాగెళ్ళినాయన కాదు, వేరే అతను. ఆమెతో రసీదు మీద సంతకం పెట్టించుకోవాలి. ఆమె నిలబడే, కాయితాన్ని కళ్ళ ఎత్తున పట్టుకుని మొత్తం చదివింది. 'పై మొత్తమును సంతోషముతోనూ, పూర్తి తృప్తితోనూ స్వీకరించడమైనది' అని అచ్చువేసి ఉంది.

పెన్ను తీసుకుని 'సంతోషముతోనూ, పూర్తి తృప్తితోనూ' అన్న ముక్కని అడ్డంగా కొట్టేసింది. పక్కన పొట్టి సంతకం పెట్టింది. కింద పూర్తి సంతకం పెట్టింది.

"అలా కొట్టెయ్యకూడదండీ. ఇది అందరికీ ఒకే ఫారం" అన్నాడతను.

"స్వీకరించాను. అది నిజం, దాన్ని ఉంచాను. మిగతాది నిజం కాదు."

"మా ఆఫీసులో ఒప్పుకోరు."

"ఒప్పుకోకపోతే చెక్కు తీసుకెళ్ళండి. ఎందుకు ఒప్పుకోలేదో రాసి పంపమనండి. మా లాయరమ్మ చదువుతుంది."

అతను వరండాలోకి వెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆమె కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది. నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను. చివరికతను లోపలికొచ్చి, మా ఇద్దరి వైపూ చూడకుండా ఆ కాయితం మడిచి సంచీలో పెట్టుకుని, చెక్కు బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు.