అమ్మ చేతి అంచు

ఊలు కొట్టు యజమానురాలిని వీధంతా ఊలక్క అనే పిలిచేది. అది ముఖం మీద పిలిచే పేరు. వెనకాల ఇంకో పేరుండేది, విప్పుడక్క అని. ఆ పేరు ఊరికే రాలేదు.

వారానికోసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టు వెనక గదిలో ఆడవాళ్ళు తమ అల్లికలు పట్టుకుని చేరేవారు. పొడవాటి బల్ల, చుట్టూ ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, గోడల నిండా అరల్లో ఊలు. లేత రంగులు పైన, ముదురువి కింద. ఎవరైనా ఒక ఉండ తీసి ఇంకో అరలో పెడితే ఊలక్కకి ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉండేది. అల్లినది ముందు ఊలక్క చేతికివ్వాలి. ఆవిడ వేళ్ళతో తడిమి చూస్తుంది. తప్పు ఎక్కడుంటే అక్కడిదాకా, సూది లాగేసి, అందరి ముందూ విప్పేస్తుంది. నోటితో చెప్పొచ్చు కదా అని ఎవరో అంటే, “చెబితే రేపటికి మర్చిపోతారు. విప్పితే జన్మలో మర్చిపోరు” అంది.

నెలలు నిండిన ఒక అమ్మాయి పుట్టబోయే బిడ్డకని అల్లుకున్న టోపీని అలాగే మొదలంటా విప్పింది. ఆ అమ్మాయి బొటబొటా కన్నీళ్ళు కారుస్తుంటే, “ఊలు తడుస్తుంది, అటు తిరిగి ఏడు” అంది. రిటైరైన టీచరమ్మ అల్లే మేజోళ్ళకి మడమ దాటే యోగమే పట్టలేదు. ఎన్నిసార్లు విప్పినా టీచరమ్మ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులో ఏముందో ఊలక్క ఎప్పుడూ పట్టించుకోలేదు.

పనిలో మాత్రం ఆవిడకి వంక పెట్టలేం. ఊలంటే ప్రాణం. కొత్త సరుకు దిగితే ముందు చెంపకి రాసుకుని చూసేది. ఒకసారి బ్యాంకులో తన ముందు నిలబడ్డ పెద్దమనిషి స్వెట్టరు అంచు తిరగేసి చూసి, ఆయన చేత నాలుగు చీవాట్లు తింది. చీవాట్లన్నీ ఓపిగ్గా విని, “భుజం దగ్గర కుట్లు జారాయి, మీ ఆవిడకి చెప్పండి” అని చెప్పి మరీ వచ్చింది.

ఈ విద్యంతా అమ్మ పెట్టిన భిక్ష. అమ్మ అల్లికకి ఒక గుర్తుండేది. ప్రతి వరసలో మొదటి కుట్టుని అల్లకుండా అలాగే రెండో సూది మీదికి జార్చేది. దాంతో అంచు పొడుగునా సన్నటి జడ వేసినట్టు వచ్చేది. ఊలక్క అంచూ అలాగే వస్తుంది. చెల్లెలికి మాత్రం ఎంత చెప్పినా ఆ జడ పట్టుబడలేదు. చిన్నప్పుడు చెల్లెలు అల్లినవన్నీ ఊలక్కే విప్పేది. “నీది చెయ్యి కాదే, రోకలి” అనేది. చెల్లెలు అల్లడం మానేసేదాకా ఆ మాట మానలేదు.

అమ్మ కిందటి చలికాలంలో చెల్లెలింట్లో పోయింది. మంచాన పడిన దగ్గర్నుంచీ చెల్లెలు ఫోను మీద ఫోను చేసింది. “చలికాలం కొట్టు మూసుకుని ఎలా రానే, సీజను కదా” అని ప్రతిసారీ దాటేసింది ఊలక్క. అంతా అయ్యాక వెళ్ళింది. తిరిగొచ్చి బీరువాలన్నీ తిరగేస్తే అమ్మ అల్లింది ఒక్కటీ తన దగ్గర లేదు. కొన్ని చిరిగిపోయాయి, కొన్నిటిని పురుగు కొట్టేసింది, కొన్నిటిని తనే విప్పి ఆ ఊలు ఇంకోదానికి వాడేసింది. అప్పుడు గుచ్చుకుంది గుండెల్లో ముల్లు.

కొట్టు ముందు అద్దాల బీరువాలో నడిమి అర ఖాళీ చేసింది. అమ్మ చేతిది ఒక్కటంటే ఒక్కటి అక్కడ పెట్టాలి, అదే ధ్యాస. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది, “కళ్ళు మూసుకున్నా సరే, మా అమ్మ అల్లిక నా వేళ్ళకి తెలిసిపోతుంది” అని. చివరికి చెల్లెలికి ఫోను చేసి, అమ్మది ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక చెల్లెల్ని ఒకటి అడగడం అదే మొదలు. చెల్లెలు “ఒకటుంది. తెస్తాలే అక్కా” అంది.

తెచ్చింది. సరిగ్గా బల్ల చుట్టూ అందరూ కూర్చున్న వేళకే వచ్చి, సంచిలోంచి బూడిద రంగు శాలువా తీసింది. ఇంకా పూర్తి కాలేదది. చివరి కుట్లు సూది మీదే ఉన్నాయి.

“అమ్మ ఆఖరున పట్టుకున్నది ఇదే అక్కా. మొత్తం అమ్మది కాదు. కొంత నాది, కొంత...”

“ఏది ఎవరిదో నాకు నువ్వు చెప్పాలా?” అంటూ ఊలక్క దాన్ని చెల్లెలి చేతిలోంచి లాక్కుంది.

బల్ల మీద పరిచింది. మొదలుపెట్టిన వైపు సగం సాఫీగా, ఒక్క కుట్టూ ఎక్కువ తక్కువ లేకుండా ఉంది. సూది వైపు సగం చూస్తే ముఖం తిప్పుకోవాలి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు, జారిన కుట్లు, మధ్య మధ్య చిల్లులు.

ఊలక్క సాఫీగా ఉన్న సగం మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి వాటి నిండా నీళ్ళు.

“అమ్మే,” అంది. “చూడండి, మంచంలో ఉండి కూడా చెయ్యి ఎంత తిన్నగా ఆడిందో. అల్లికంటే ఇదీ.”

అందరూ వంగి చూశారు. “అమ్మగారి చెయ్యే చెయ్యి” అంది టీచరమ్మ.

చెల్లెలి ముఖం ఎర్రబడింది. “అక్కా, ముందు నేను చెప్పేది కాస్త విను.”

“ఏం వినాలే? ఆవిడ అంత చక్కగా అల్లిపెడితే, పూర్తి చేస్తానని బయల్దేరి నువ్వు దీన్నిలా తగలేశావా? ఇది అల్లికా, కోడి కెలికిన పెంటా? తాగినవాడికి సూదులిచ్చినా ఇంతకంటే నయంగా అల్లేవాడు.”

“ఎలా ఉన్నా సరే, ఆ సగం ఉంచక్కా. ఎందుకంటే...”

“నోర్మూసుకో. చిన్నప్పుడే చెప్పాను నీది రోకలని. ఇదంతా విప్పేసి మిగతాది నేనల్లుతాను. నా చెయ్యీ అమ్మ చెయ్యీ ఒకటే. ఎక్కడ కలిసిందో కూడా తెలియదు.”

చెల్లెలు బల్ల చుట్టూ ఉన్న ముఖాలు చూసింది. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ ఇలాగే తల దించుకున్న ముఖాలే. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“నీ ఇష్టం” అంది.

ఊలక్క సూది లాగేసింది. కొస పట్టుకుని గుంజితే కుట్లు వరసలు వరసలుగా ఊడొచ్చాయి. చిక్కుపడిన చోట కసిగా లాగింది. ఊడొచ్చిన ఊలుని చెల్లెలు అందుకుని ఉండ చుట్టసాగింది. ఊలక్క అటు చూడలేదు. ఒక్కచోట మాత్రం లాగడం ఆపి, “అంచు జడలా వచ్చిందే. ఇన్నాళ్ళకి అదొక్కటి వంటబట్టిందన్నమాట” అని, మళ్ళీ లాగింది.

సాఫీగా ఉన్న సగం దగ్గరకొచ్చాక ఆపి, కుట్లన్నీ భద్రంగా సూదికెత్తుకుంది. ఇక అక్కణ్ణుంచి తను అల్లాలి. మొదటి కుట్టు జార్చబోతూ, అలవాటు కొద్దీ కింది అంచుని బొటనవేలితో తడిమింది. వేలికి జడ తగల్లేదు.

మళ్ళీ తడిమింది. అవతలి అంచు చూసింది. కళ్ళద్దాలు పెట్టుకుని కింది నుంచి పైదాకా చూసింది. మొదటి కుట్టు కూడా అల్లేసిన మామూలు బుడిపెల అంచు. ఏ ఒక్క వరసలోనూ కుట్టు జార్చలేదు. ఊలక్క చెల్లెలి వైపు తిరిగింది.

“ఇది... ఎవరల్లారే?”

“నేనే.”

టీచరమ్మ తన మేజోడు బల్ల మీద పెట్టేసింది.

“అమ్మ నేర్పింది,” అంది చెల్లెలు. “మంచం పక్కన కూర్చుని అల్లుతుంటే వేలితో తడిమి చూసేది. విప్పమని ఒక్కనాడూ అనలేదు. అందుకేనేమో ఈసారి వచ్చింది. సగమయ్యాక అమ్మే, ‘ఇటియ్యవే, మిగతాది నేనల్లుతా, పెద్దదానికి నా చేతిది ఒకటి ఉండాలి’ అంది. అప్పటికే కుడి చెయ్యి సరిగ్గా స్వాధీనంలో లేదు. చూపూ ఆనడం లేదు. పొద్దంతా కూర్చుంటే ఒక వరస అయ్యేది. జారినవి నేను ఎత్తుతానంటే వద్దనేది. ‘అది కళ్ళు మూసుకున్నా నా చెయ్యి గుర్తుపడుతుందిలే’ అనేది.”

ఊలక్క ఉండ వైపు చూసింది. “చెప్పొచ్చు కదే. ఆపొచ్చు కదే నన్ను.”

“చెప్పబోయాను. కోడి కెలికిన పెంట అన్నావు. తాగినవాడు నయమన్నావు. ఆ తర్వాత ఇక చెప్పబుద్ధి కాలేదు.”

చెల్లెలు బల్ల మీది కత్తెర అందుకుని, శాలువాకీ ఉండకీ మధ్య ఊలు పోగుని కత్తిరించింది. శాలువా సూదితో సహా సంచిలో పెట్టుకుంది.

“ఇది నాది. అమ్మది నువ్వుంచుకో,” అంటూ ఉండని అక్క ముందుకి తోసింది. “గోరువెచ్చటి నీళ్ళలో ముంచి ఆరేస్తే ఊలు మళ్ళీ తిన్నగా అవుతుంది. అందరికీ నువ్వే చెబుతావుగా.”

వెళ్ళిపోయింది. ఊలక్క పిలవలేదు.

విప్పిన ఊలు వెంటనే తిన్నబడదు. కుట్టు కుట్టుకీ ఒక వంపు నిలిచిపోతుంది. ఊలక్క ఉండలోంచి కొస తీసి, కళ్ళు మూసుకుని, వేళ్ళ మధ్య నుంచి మెల్లగా పోనిచ్చింది. ఒక వంపు పెద్దది, ఒకటి చిన్నది, ఒకచోట అసలు లేదు. అమ్మ చెయ్యి. ఇప్పుడు తెలిసింది వేళ్ళకి.

గబగబా సూదులు తీసుకుంది. ఏ వంపు దగ్గర ఆ కుట్టు వెయ్యాలని చూసింది. బిగుతుగా ఉన్నచోట బిగించింది, వదులుగా ఉన్నచోట వదిలింది. చెయ్యి మాట వినలేదు. ఎంత వంకరగా అల్లుదామన్నా వరస తిన్నగా, ముచ్చటగా, తన అల్లికలాగే వచ్చింది. విప్పింది. మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పింది. విప్పినకొద్దీ అమ్మ వంపులు చెరిగిపోతున్నాయి. అది తెలుస్తున్నా చేతులు ఆపలేకపోయింది. కన్నీళ్ళు ఊలు మీదే పడుతున్నాయి.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ ఇంటికి లేవలేదు. టీచరమ్మ ముందుకి వంగి, ఊలక్క చేతిలోని అల్లికని వేలితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమి చూసింది.

“బాగుంది ఊలక్కా,” అంది. “ఒక్క తప్పు కూడా లేదు.”