గీకేసిన ఏడాది

"ఆ ఆపిల్ రొట్టె ఇంకో ముక్క వెయ్యి వదినా. మా వంశం మొత్తం మీద ఇంత బాగా చేసే చెయ్యి ఇంకోటి లేదు" అన్నాడు మా మరిది లైసాండర్. వేశాను. వీలాక్ వంశం పుస్తకం రాయడానికి వచ్చిన ఈ మనిషి నాలుగు రోజులుగా నా వంటింటి బల్ల వదలడం లేదు. బల్లకి ఆ చివర ఆయన కాగితాలు. ఈ చివర నేను నానబెట్టుకున్న పేము. మిగిలిన కాస్త చోటులో కుర్చీ చట్రం ఒళ్లో పెట్టుకుని సీటు అల్లుతున్నాను. మా ఆయన అసాహెల్ నలభై రెండేళ్లుగా చేసిన ప్రతి కుర్చీకీ సీటు అల్లింది నేనే. ఆ పొద్దున లైసాండర్ గొంతు సవరించుకుని చదివాడు: "అసాహెల్ వీలాక్, కుర్చీల పనివాడు. ఈయన కుర్చీలు మూడు రాష్ట్రాల్లో పేరు పొందినవి." ఆ మూడు రాష్ట్రాల వాళ్లూ కూర్చునేది దేనిమీదో అడుగుదామనిపించింది. అడగలేదు. నాకు అడగాల్సింది ఇంకోటుంది, నోట్లో ఉన్న ఆ కాస్త ధైర్యమూ దీనికి ఖర్చు పెట్టుకోదలచుకోలేదు.

నా వరస ఇలా ఉంది: "భార్య లొవైనా, స్టీవెన్ గేజ్ కూతురు." అంతే. నన్నడిగితే నాకేం బాధ లేదంటాను. అబద్ధం, ఉంది. కానీ అసలు బాధ ఆ కింద వరసల్లో ఉంది. "పిల్లలు. ఒకటి, రూఫస్, 1842. రెండు, ఆల్డెన్, 1847. మూడు, పర్సిస్, 1851 మే పద్నాలుగు." నేను కన్నది నలుగుర్ని. రూఫస్ తర్వాత, ఆల్డెన్‌కి ముందు, నాకో ఆడపిల్ల పుట్టింది. దాని పేరూ పర్సిసే. అయిదున్నరేళ్లు బతికింది. గొంతు జ్వరం వచ్చి నా చేతుల్లోనే పోయింది. శుక్రవారం ఈ కాగితాలన్నీ రైలెక్కి వూస్టర్‌లో అచ్చుకి పోతాయి. అచ్చులో లేకపోతే ఇంక అది ఎక్కడా లేనట్టే. నేనున్నన్నాళ్లు నాలో ఉంటుంది, ఆ తర్వాత అదీ లేదు.

మళ్లీ ఆడపిల్ల పుట్టినప్పుడు మా అత్తగారు ఇంకో పేరు తలపెట్టనివ్వలేదు. పోయిన పిల్ల పేరు తర్వాతి పిల్లకి పెట్టడం మాలో ఎవరికీ వింత కాదు. పైగా అది ఆవిడ పేరు. "నా పేరు ఈ ఇంట్లో ఖాళీగా ఉండడానికి వీల్లేదు" అన్నారు. అసాహెల్ బైబిల్ మధ్యలో పుట్టుకలు రాసుకునే పేజీ తెరిచాడు. పర్సిస్ అని అప్పటికే ఉంది కదా, మళ్లీ ఎందుకు రాయడం అనుకున్నాడు. కుర్చీ కాళ్లు నునుపు చేసే సన్నటి ఉక్కు రేకు తెచ్చి, 1844 అన్న ఏడాదిని మెల్లగా గీకేసి 1851 అని వేశాడు. నెల, తారీకు జోలికి పోలేదు. పని నీటుగా చేశాడు, కాగితం చిరగనైనా చిరగలేదు. నేను పొయ్యి దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను.

ఆ మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక అన్నాను. "లైసాండర్, బైబిల్లో నువ్వే చూడు. రెండో వరసలో 1851, మూడో వరసలో 1847. పిల్లలు వెనక్కి పుడతారా?"

"అది చూశాను వదినా. రాసేటప్పుడు వరస తారుమారై ఉంటుంది. నేను సరిచేసేశాను" అన్నాడు ఆపిల్ రొట్టె నములుతూ.

"తారుమారు కాదు. ఇద్దరు పర్సిస్‌లు. మొదటిది పోయింది."

లైసాండర్ కలం కింద పెట్టాడు. చెడ్డవాడు కాడు, జాలిపడ్డాడు కూడా. "అలాగా! నాకు చూచాయగా కూడా గుర్తు లేదే. అప్పుడు నేను మెయిన్ రాష్ట్రంలో ఉన్నాను. చర్చి పుస్తకంలో రాశారా?"

"ఆ చలికాలం ఊళ్లో పద్దెనిమిది మంది పిల్లలు పోయారు. పాస్టరుగారే మంచం పట్టారు. ఎవరు రాస్తారు?"

"సమాధి రాయి?"

"రాయెందుకు, ఇంట్లో చెక్క ఉండగా అన్నారు మీ అన్నయ్య. చక్కటి మేపుల్ పలక, అక్షరాలు చెక్కి పాతారు. నాలుగు చలికాలాలకే పుచ్చిపోయింది."

"మరి ఆధారం?"

"నేను కన్నాను కదయ్యా!"

"కాదనను వదినా. కానీ తల్లుల మాటలు పట్టుకుని రాస్తూ పోతే వంశం పుస్తకం ఈ జన్మకి తెములుతుందా?" అని తనే నవ్వాడు.

అప్పుడే అసాహెల్ షెడ్డులోంచి వచ్చాడు, గడ్డం నిండా చెక్కపొట్టుతో. లైసాండర్ సంగతి చెప్పాడు. మా ఆయన నాకేసి వింతగా చూశాడు. "ఏ పర్సిస్? ఓ, అదా! ముప్పై ఏళ్లు దాటిందే లొవైనా, ఇంకా దాన్నే పట్టుకున్నావా? కుర్చీ కాలు విరిగితే ఇంకో కాలు దిగ్గొడతాం. కుర్చీ అదేగా!" కోపంగా అనలేదు, వెక్కిరింతగానూ అనలేదు. నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. కాఫీ పోశాను. అన్నదమ్ములిద్దరూ తాగి, కొత్తగా వచ్చిన దుంగలు చూడ్డానికి పెరట్లోకి వెళ్లారు.

వంటింట్లో నేనూ, పొద్దున్నుంచీ కిటికీ దగ్గర రాసుకుంటున్న నా కూతురూ మిగిలాం. పర్సిస్‌కి ముప్పై రెండు. పక్కూళ్లో బళ్లో పాఠాలు చెబుతుంది. పెళ్లి కాలేదు కాబట్టి దానికి బోలెడంత తీరిక ఉంటుందని మా వాళ్లందరి నమ్మకం. దస్తూరీ బావుంటుందని బాబాయి రాసిందంతా శుద్ధప్రతి తీసే పని దానికే అప్పగించాడు. సెలవులన్నీ దానికే సరిపోయాయి. పుస్తకంలో దానికి మెప్పు మాటేమైనా ఉందా అంటే, లేదు. ఇంత గొడవ జరుగుతున్నంతసేపూ అది తల ఎత్తలేదు, కలం ఆపలేదు.

దాని పక్కన కూర్చున్నాను. నా గొంతు నాకే సిగ్గనిపించేంత బతిమాలుకుంటున్నట్టు వచ్చింది. "ఒక్క వరస రాయి తల్లీ. రూఫస్ కింద. మీ బాబాయి మళ్లీ చదవడు. చదివే ఓపికుంటే నీకెందుకిస్తాడు?"

అది కలం పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "అమ్మా, నాకో అక్క ఉండేదని నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. దాని పేరు నాకు పెట్టారనీ చెప్పింది. ఆ తారీకు దానిదేనని ఎవరూ చెప్పలేదు, బైబిల్లో ఏడాది ఒక్కటే గీకి ఉండడం ఇవాళ చూశాను. ప్రతి మే పద్నాలుగునా నువ్వు నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చేదానివి. నేను పుట్టినందుకు మా అమ్మకి ఎంత సంతోషమో అనుకునేదాన్ని."

ఏం చేస్తాను, ఏడ్చింది పెద్దదానికోసమే కదా.

"చెప్పు, రాస్తాను" అంది కలం సిరాలో ముంచి.

చెప్పాను. పొంగినట్టు వచ్చేసింది అంతా. 1844 మే పద్నాలుగు, మంగళవారం, పొద్దున్నే, ఆపిల్ చెట్లు పూతమీద ఉన్నాయి, బొడ్డు కోసింది మిసెస్ ట్వాంబ్లీ, పుట్టగానే ఎడమ కన్ను ఒక్కటే తెరిచింది. పోయింది 1850 జనవరి ఇరవై ఆరు, శనివారం. చివరిసారి అడిగింది మంచినీళ్లు కాదు, మంచు. బయటికెళ్లి గుప్పెడు తెచ్చి పెదాలకి రాశాను. ఏది రాయాలో ఏది రాయకూడదో దానికే తెలుసు. "రెండు, పర్సిస్" అని మొదలుపెట్టి, ఒక్క వరసలో సరిపెట్టింది. నా పిల్ల సిరాతో కాగితం మీద కనిపించింది. ఆ వరస ఆరేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. ముప్పై మూడేళ్ల తర్వాత గుండెల్లో బరువు కాస్త దిగినట్టయింది. బతికున్న పిల్ల ముఖం ఎలా ఉందో చూడాలని నాకు తట్టనే లేదు.

అది రెండుని మూడు చేసింది, మూడుని నాలుగు చేసింది. నాలుగో అంకె పక్కన తన పేరు రాసుకుంది. 1851 అని వేసి, మే పద్నాలుగు మీద సన్నగా ఒక గీత కొట్టింది.

"ఇది దానిది కదా" అంది. "ఇప్పుడు నాది చెప్పు."

ఇది పుట్టినప్పుడు కిటికీ తెరిచి ఉంది. ఎండాకాలమో, ఎండలు తగ్గాకో. మా అత్తగారు పసిగుడ్డుని పైకెత్తి, పర్సిస్ మళ్లీ వచ్చింది అన్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ రోజూ, ఆ మర్నాడూ. వారమేదో, తారీకేదో, కన్ను ముందు ఏది తెరిచిందో, ఎంత వెతుక్కున్నా లోపల ఏమీ లేదు. అది కలం పట్టుకుని, నా నోటికేసి చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు ఎప్పుడైనా నాకేసి అలా చూసిందేమో, అదీ నాకు తెలియదు.

"తెలీదమ్మా" అన్నాను. "నువ్వు పుట్టిన రోజు నేను నీకేసి చూడనే లేదు."